పరాయి ఊరి విందు - మన మొహమాటం

"డాక్టరుగారూ, మా అబ్బాయికి విదేశంలో ఉద్యోగం వచ్చింది. అక్కడి తిండి పడుతుందో లేదో! ఆవకాయ, కందిపొడి ఎన్ని సీసాలు కట్టివ్వమంటారు?" అని అడిగే తల్లులు తరచు వస్తుంటారు. కట్టివ్వండి, కాదనను. కాని అక్కడి తిండి కూడా తినమనండి. ఎలా తినాలో నా అనుభవం చెబుతాను.

2009లో ప్రభుత్వ సర్వీసుకు సెలవు పెట్టి ఇథియోపియాలో ఒక వైద్య కళాశాలలో రెండేళ్ళు పాఠాలు చెప్పాను. మకాం అడిస్ అబాబాలో. ఆ ఊరు సముద్రమట్టానికి సుమారు 2,350 మీటర్ల ఎత్తున ఉంది. అంత ఎత్తున నీళ్ళు 92 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. మామూలు గిన్నెలో పప్పు ఒక పట్టాన ఉడకదు. తీసుకెళ్ళిన సామానులో అన్నిటికంటె ఉపకరించింది ప్రెషర్ కుక్కరే!

అక్కడివారికి మన అన్నం లాంటిది ఇంజెరా. టెఫ్ అనే ధాన్యం గింజ గసగసాలంత ఉంటుంది. ఆ పిండిని కలిపి, రెండు మూడు రోజులు పులియబెట్టి, పెద్ద మట్టిపెనం మీద ఒకవైపే కాల్చిన అట్టు అది. మొదటి ముద్దకు పులుపు తగిలి మొహం చిట్లించాను. వారం తిరిగేసరికి అలవాటయింది. టెఫ్‌లో కాల్షియం, ఇనుము ఉన్నాయి. ఇనుము ఒంటికి పట్టకుండా అడ్డుపడే ఫైటేట్లు పిండి పులిస్తే తగ్గుతాయి.

శాకాహారులూ బెంగపడనక్కరలేదు. అక్కడి ఆర్థడాక్స్ క్రైస్తవులు బుధ, శుక్రవారాల్లో మాంసం, పాలు, గుడ్లు ముట్టరు. ఆ రోజుల్లో హోటళ్ళలో మైసూరుపప్పు కూర, శనగపిండితో చేసే షిరో, ఆకుకూరలు దొరుకుతాయి.

ఇక అసలు సంగతి. ఒక పండగనాడు సహోద్యోగి ఇంట విందు. అతిథికి ఇంటివారే ముద్ద చుట్టి నోట్లో పెట్టడం అక్కడి మర్యాద. దాన్ని గుర్షా అంటారు. మన బామ్మలు తినిపించే గోరుముద్దే ననుకోండి. సహోద్యోగి తల్లి, పెద్దావిడ, ప్రేమగా ముద్ద అందించింది. అది కిట్‌ఫో - సన్నగా తరిగి, మసాలా నెయ్యి కలిపిన పచ్చి గొడ్డుమాంసం. పచ్చిమాంసం వల్ల ఏమొస్తుందో పిల్లలకు పాఠం చెప్పే మనిషిని నేను! అయినా ఆవిడ మొహం చూసి నోరు తెరిచాను.

మూడు నెలలకు మలంలో తెల్లగా, కదిలే ముక్కలు కనిపించాయి. బద్దెపురుగు! మొహమాటానికి పోతే ఏమవుతుందో మన సామెత చెప్పనే చెప్పింది గదా!

ప్రాజిక్వాంటెల్ ఒక్క మోతాదుతో అది పోయింది. సిగ్గు మాత్రం చాన్నాళ్ళు పోలేదు. చివరికి సహోద్యోగికి చెబితే, "బాగా వేయించి పెట్టమని అడగలేకపోయారా? మా ఇంట్లోనే ఇద్దరు అలా తింటారు" అన్నాడు. మళ్ళీ వెళ్ళినప్పుడు ఆ పెద్దావిడ నా వాటా విడిగా వేయించి, తన చేత్తోనే తినిపించింది. ఆవిడ ఆదరణ ఇసుమంతైనా తగ్గలేదు.

అందుచేత వెళ్ళే పిల్లలకు ఇలా చెప్పండి:

కొత్త వంటకం మొదటిసారి కొంచెమే తినాలి. పొగలు కక్కుతూ వచ్చినది మేలు. పచ్చిమాంసం, కాచని పాలు ఎవరు పెట్టినా వద్దు. "వద్దు" అనలేకపోతే "ఉడికించి పెట్టండమ్మా" అని అడగవచ్చు. తిరిగొచ్చాక కడుపులో తేడా చేస్తే ఏ దేశంలో ఏం తిన్నదీ డాక్టరుకు దాచకుండా చెప్పాలి.

ఆవకాయ సీసా పక్కన ఈ మాట కూడా పెట్టెలో సర్దండి.