సరిజోడు

బరంపురంలో మనవారి యిండ్లలో యిప్పుడు కంప్యూటరు వింత వస్తువు కాదు. అది కాస్త నెమ్మదిస్తే చాలు, "పాతబడింది, మార్చేయండి" అనే సలహా వెంటనే వస్తుంది. మాకూ వచ్చింది. ఆ మాట వింటే అమ్మాయి కాలేజీ ఫీజుకని దాచిన సొమ్ము తీయవలసిందే. గుమాస్తా ఉద్యోగం చేసేవారము గనుక ముందు లెక్క సరిచూచాము.

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో పెర్ఫార్మెన్స్, దానిలో మెమరీ చూచాము. వేగం 2400. 8 జీబీలో 7 ఖర్చవుతున్నది. రెండు అరలలో ఒకటి ఖాళీ! 2400ను 8 బైట్లతో గుణిస్తే సెకనుకు 19.2 జీబీ. రెండో అరలో అటువంటి ర్యామే పెడితే దారి రెట్టింపై, లెక్కకు 38.4 అవుతుంది.

జోడెడ్లలో ఒకటి మందకొడిదైతే రెండవదీ దాని నడకే నడవాలి. 3200 ర్యామ్ తెచ్చి దీని పక్కన పెట్టినా రెండూ 2400తోనే నడుస్తాయి. అందుచేత ఖరీదైనది మాని సరిజోడు కొన్నాము. కొన్ని కంప్యూటర్లలో బయోస్‌లో ఎక్స్‌ఎంపీ అనే ఏర్పాటు చేస్తేగాని ర్యామ్ మీద వ్రాసిన పూర్తి వేగం రాదు, అదీ చూచుకోవాలి.

ఇప్పుడు తెలుగు, ఒడియా కాగితాలు రెండూ ఒకేసారి తెరిచినా యంత్రం తడబడదు. నిజానికి మాకు వేగం కంటె పెరిగిన చోటే ఎక్కువ కలిసివచ్చింది. ఫీజు సొమ్ము కదలలేదు. మనవారికి మా మనవి ఒక్కటే: కొత్తది కొనేముందు ఆ మూడు మీటలు నొక్కి చూడండి.