చంపని కేక

ఆటలయందు ఆలోచింపదగినది యేమున్నదని పెద్దలు పలువురు ప్రశ్నింతురు. 2000 సంవత్సరమున వెలువడిన ‘డయాబ్లో 2’ అను కంప్యూటరు ఆటను నేను చాలకాలముగా ఆడుచున్నాను. అందలి ఒక చిన్నవిద్యను గూర్చి యిచట ముచ్చటింప దలచితిని. దాని పేరు ‘హౌల్’. మన మాటలో పెడబొబ్బ యనవచ్చును.

ఆ యాటలో బార్బేరియన్ అను వీరుడు గలడు. వాని విద్యలు మూడు శాఖలు. అందొకటి పది విద్యలుగల రణఘోషల శాఖ. దానికి పెడబొబ్బ మొదటి మెట్టు. శత్రువులు నలువైపుల గ్రమ్ముకొని కదలుటకు దారి లేనప్పుడు వీరుడు గొంతెత్తి యరచును. చుట్టునున్న భూతములు బెదరి కొంతసేపు పరుగిడును. ఒక్కదానికిని గాయము తగులదు. వీరునికి ఔషధము త్రాగుటకును, మంచి చోటు చూచుకొనుటకును వ్యవధి చిక్కును.

అయినను దీనిని మెచ్చువారు తక్కువ. ఆటలో అనుభవము చంపినందుకు లభించును గాని వ్యవధి సంపాదించినందుకు లభింపదు. స్థాయి పెరిగినప్పుడు చేతికి వచ్చునది సాధారణముగా ఒక్క విద్యాంకమే. దానిని కత్తిమీద పెట్టక కేకమీద పెట్టుట యేల? ఇది పిరికివాని విద్య యని నా మిత్రుడొకడు పరిహసించెను. గుంపునడుమ చచ్చినవాడు ఎవనిని రక్షింపగలడని నేనంటిని.

అతని రెండవ యాక్షేపణ మాత్రము త్రోసివేయ దగినది కాదు. ఈ యాటను ఎనమండుగురి వరకు కూడి యాడవచ్చును. ఒకడు అరచినచో ఒకచోట పోగుపడిన శత్రువులు చెదరిపోవుదురు; వారిపై ఉల్కను పడవేయ నెంచిన మాంత్రికురాలి శ్రమ వ్యర్థమగును. బెదరినవారు మరల వత్తురు. డయాబ్లో వంటి నాయకరాక్షసులు బెదరనే బెదరరు. కావున అరచుటకు ముందు తోడివారెచట నున్నారో చూడవలెను. తన్ను రక్షించుకొనుట పరులపై భారము మోపుట కారాదు.

ఇంకొక విశేషము గలదు. తోడివారి ప్రాణబలమును పెంచు ‘బాటిల్ ఆర్డర్స్’ అను ఘోష 24వ స్థాయిలో లభించును. పెడబొబ్బ నేర్వనివాడు ఆ విద్యకు ఎక్కలేడు. ఆత్మరక్షణము వేరు, పరరక్షణము కొమ్మ. వేరును నిందించి కొమ్మను కోరుట యెట్లు?

మన యిండ్లలోను సభలలోను గెలిచినవారి లెక్కయే గాని కలహమును ముదరనీయక ఇరువురిని ఎడబాపినవారి లెక్క లేదు. జరుగని కీడు కంటికి కనబడదు. కనబడని దానికి బిరుదు లిచ్చువారు లేరు. ఎవరిని కొట్టక, ఎవరిని చంపక, కొంత వ్యవధి సంపాదించి యిచ్చిన వారిని ఆట లెక్కింపకున్న లెక్కింపకుండునుగాక! మనమేల లెక్కింపరాదు?