రెండేళ్ళ మెట్టు

1999 జూలై 23. అమెరికాలో ఫ్లోరిడా తీరాన ఉన్న కెనడీ అంతరిక్ష కేంద్రం. అర్ధరాత్రి దాటి అరగంట గడిచింది. అంతకుముందు రెండుసార్లు ఆగిపోయిన ప్రయాణం ఈసారైనా సాగుతుందా అని అందరూ ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. కొలంబియా అంతరిక్ష నౌక నిప్పులు చిమ్ముతూ పైకి లేచింది. లేచిన అయిదు సెకన్లకే లోపల హెచ్చరిక మోగింది. విద్యుత్తు తీగలో ఏర్పడిన లోపంవల్ల మూడు ఇంజన్లలో రెండింటిని అదుపుచేసే కంప్యూటర్లలో ఒక్కొక్కటి మూగబోయింది. వాటికి తోడుగా అమర్చిన కంప్యూటర్లు వెంటనే ఆ భారాన్ని అందుకొన్నాయి. అది చాలదన్నట్లు బంగారుపూత పూసిన చిన్న మేకు ఒకటి ఊడి, ఇంజను గొట్టాలకు తగిలి వాటిని చీల్చింది. ఆ చీలికలగుండా హైడ్రోజన్ కారిపోసాగింది. ఇంకొక ఇంజను దెబ్బతిని ఉంటే నౌకను వెనక్కి మళ్ళించవలసివచ్చేది. అట్లా మళ్ళించిన నౌక అంతవరకు ఒక్కటీ లేదు.

నౌకకు సారథ్యం వహిస్తున్న మహిళ తొణకలేదు. నౌక అనుకొన్నదానికంటె కొద్దిగా తక్కువ వేగంతో, కొద్దిగా దిగువన కక్ష్యలోకి చేరింది. కొన్ని గంటల తరువాత అది మోసుకువెళ్ళిన దూరదర్శినిని క్షేమంగా అంతరిక్షంలో విడిచారు. ఆ దూరదర్శిని పేరు 'చంద్ర'. నక్షత్రాల పుట్టుకను, మరణాన్ని గణితంతో విప్పిచెప్పి 1983లో నోబెల్ బహుమతి అందుకొన్న సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ జ్ఞాపకార్థం పెట్టిన పేరది. అయిదేళ్ళు పనిచేస్తే చాలని పంపిన ఆ సాధనం పాతికేళ్ళు దాటినా పనిచేసింది.

ఆ మహిళ ఐలీన్ కాలిన్స్. అమెరికా అంతరిక్ష నౌకకు కమాండరుగా వ్యవహరించిన తొలి స్త్రీ. ఆమె ఉన్నతవిద్య పేరుమోసిన విశ్వవిద్యాలయంలో మొదలు కాలేదు. ఊరికి దగ్గరలో ఉన్న రెండేళ్ళ కళాశాలలో మొదలయింది.

న్యూయార్క్ రాష్ట్రంలోని ఎల్మైరా చిన్న పట్టణం. 1956లో ఐలీన్ అక్కడే పుట్టింది. ఇంజను లేకుండా గాలివాటున ఎగిరే గ్లైడర్లకు ఆ ఊరు ప్రసిద్ధి. ఊరి పక్క కొండమీదనుంచి అవి నిశ్శబ్దంగా లేచి పక్షుల్లా తిరుగుతుంటే ఆ పిల్ల కింద నిలబడి చూసేది. చూడటానికి డబ్బు అక్కరలేదు, ఎగరటానికి కావాలి. తల్లిదండ్రులు విడిపోయారు. కొంతకాలం ఆ కుటుంబం ప్రభుత్వం కట్టించిన ఇళ్ళలో తలదాచుకొంది. విమానం నడపటం నేర్పించమని ఇంట్లో అడిగే పరిస్థితి కాదు. అందుకని ఆమె అడగనేలేదు. పిజ్జాలు అమ్మే దుకాణంలో పనికి కుదిరి, దాదాపు వెయ్యి డాలర్లు కూడబెట్టి, విమానాశ్రయానికి వెళ్ళి పాఠాలు నేర్పమని అడిగింది.

చదువు విషయంలోనూ ఆమె అదే లెక్క వేసుకొంది. నాలుగేళ్ళ విశ్వవిద్యాలయానికి నేరుగా వెళ్ళే స్తోమతు లేదు. ఎల్మైరాకు దగ్గరలో కార్నింగ్ అనే ఊరుంది. అది గాజు పరిశ్రమకు పుట్టినిల్లు. పాలొమార్ కొండమీది మహా దూరదర్శినికి రెండువందల అంగుళాల అద్దపు పళ్ళేన్ని 1934లో పోతపోసింది అక్కడివారే. ఆ ఊరి కమ్యూనిటీ కళాశాలలో ఐలీన్ గణితం, విజ్ఞానశాస్త్రం చదివి 1976లో అసోసియేట్ డిగ్రీ పొందింది. ఆ తరువాత సిరక్యూజ్ విశ్వవిద్యాలయంలో చేరి 1978లో గణితం, ఆర్థికశాస్త్రాలలో పట్టభద్రురాలైంది. సరిగ్గా ఆ కాలంలోనే అమెరికా వైమానిక దళం విమాన చోదక శిక్షణలోకి స్త్రీలను అనుమతించింది. తలుపు తెరుచుకొన్నప్పుడు ఆమె వాకిట సిద్ధంగా నిలబడి ఉంది. అవకాశం అదృష్టంకొద్దీ వచ్చిందనుకొన్నా, సిద్ధంగా ఉండటం మాత్రం అదృష్టం కాదు. 1979లో శిక్షణ ముగించి, ఇతరులకు శిక్షణ ఇచ్చే స్థాయికి ఎదిగింది. 1990లో నాసా ఆమెను వ్యోమగామిగా ఎంపిక చేసింది. 1995లో నౌకను నడిపిన తొలి మహిళా పైలట్ అయింది. వైమానిక దళ అకాడమీలో ఆమె కొంతకాలం గణితం బోధించింది కూడా. కార్నింగ్‌లో వేసిన పునాది ఎంత గట్టిదో ఈ ఒక్క సంగతి చెబుతుంది.

చంద్రశేఖర్ జీవితంలో ఎక్కువకాలం పనిచేసింది షికాగో విశ్వవిద్యాలయంలో. రెండేళ్ళ కళాశాల అనే ఆలోచనకు మూలపురుషుడైన విలియం రెయినీ హార్పర్ ఆ విశ్వవిద్యాలయానికే మొదటి అధ్యక్షుడు కావడం విశేషం. డిగ్రీ చదువులోని మొదటి రెండేళ్ళను, చివరి రెండేళ్ళను విడదీసి చూడాలని హార్పర్ అభిప్రాయం. మొదటి భాగానికి ఆయన పెట్టిన పేరే 'జూనియర్ కళాశాల'. షికాగోకు దగ్గరలోని జోలియట్ పట్టణంలో ఉన్నత పాఠశాల బాధ్యతలు చూస్తున్న స్టాన్లీ బ్రౌన్ ఈ ఆలోచనను ఆచరణలో పెట్టాడు. 1901లో ఆరుగురు విద్యార్థులతో జోలియట్ జూనియర్ కళాశాల ప్రారంభమయింది. వేరే భవనం కూడా లేదు; ఉన్నత పాఠశాలలోనే పాఠాలు. రెండో ప్రపంచయుద్ధం ముగిసి సైనికులు ఇళ్ళకు తిరిగివచ్చాక ఇటువంటి కళాశాలల అవసరం పెరిగింది. అధ్యక్షుడు ట్రూమన్ నియమించిన సంఘం 1947లో ఇచ్చిన నివేదికతో 'కమ్యూనిటీ కళాశాల' అనే పేరు ప్రచారంలోకి వచ్చింది. నేడు అటువంటివి ఆ దేశంలో వెయ్యికి పైగా ఉన్నాయి.

తెలుగునాట 1969-70లో పి.యు.సి. స్థానంలో రెండేళ్ళ ఇంటర్మీడియట్ విద్య వచ్చినప్పుడు ఆ కళాశాలలకూ జూనియర్ కళాశాలలనే పేరే స్థిరపడింది. పేరు ఒకటేగాని స్థాయి వేరు. ఇక్కడి జూనియర్ కళాశాల పదకొండు, పన్నెండు తరగతుల చదువు. అక్కడిది ఆ పైన రెండేళ్ళు. పోలిక వెతికితే, పాలిటెక్నిక్‌లో డిప్లొమా పూర్తిచేసి, ఈసెట్ రాసి, ఇంజనీరింగు రెండో సంవత్సరంలో చేరే విద్యార్థుల దారి దానికి దగ్గరగా ఉంటుంది. ఒక్క పరీక్షలో, ఒక్క ర్యాంకులో మొత్తం జీవితం తేలిపోతుందని భయపడే ఇళ్ళలో ఈ రెండో దారిని గురించి ఎవరూ గట్టిగా మాట్లాడరు.

అమెరికాలోనూ ఈ చిన్నచూపు లేకపోలేదు. పన్నెండు తరగతులు ముగిశాక వెళ్ళేది కాబట్టి కమ్యూనిటీ కళాశాలను 'పదమూడో తరగతి' అని ఎగతాళి చేసేవారున్నారు. అడిగినవారందరికీ ప్రవేశం ఇస్తారు కాబట్టి అక్కడ చదువు తేలిక అనుకొంటారు. తలుపు వెడల్పుగా ఉన్నంతమాత్రాన లోపలి మెట్లు తక్కువవుతాయా?

రసాయనశాస్త్రంలో 1984 నోబెల్ బహుమతి పొందిన బ్రూస్ మెరిఫీల్డ్ కథ వింటే ఈ ఎగతాళి నిలవదు. ఆయన 1921లో టెక్సాస్‌లో పుట్టాడు. పసితనంలోనే కుటుంబం కాలిఫోర్నియాకు వలసపోయింది. ఆర్థికమాంద్యపు రోజుల్లో ఊరూరా తిరుగుతూ దాదాపు నలభై బడులు మారాడు. 1939లో ఉన్నత పాఠశాల దాటి పాసడీనా జూనియర్ కళాశాలలో చేరాడు. రెండేళ్ళ తరువాత లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి మారి, అక్కడే 1949లో డాక్టరేటు పొందాడు. అమైనో ఆమ్లాలను ఒకదానికొకటి చేర్చి పెప్టైడ్‌లు తయారుచేయడం అప్పట్లో చాలా విసుగుపుట్టించే పని. ప్రతి దశలోను పదార్థాన్ని వేరుచేసి శుద్ధిచేయవలసి వచ్చేది. ప్రతిసారీ కొంత వృథా అయ్యేది. మెరిఫీల్డ్ మొదటి అమైనో ఆమ్లాన్ని ప్లాస్టిక్ పూసకు గట్టిగా అతికించాడు. దండ గుచ్చినట్లు మిగిలినవాటిని దాని వెంట ఒక్కొక్కటిగా చేర్చాడు. మధ్యమధ్య అనవసరమైనదాన్ని కడిగివేస్తే చాలు, దండ పూసను వదలదు. 1963లో ప్రకటించిన ఈ పద్ధతివల్ల నెలలు పట్టే పని రోజుల్లోకి దిగింది. చివరకు ఆ పని యంత్రమే చేయగలిగింది.

మానవ జన్యుపటాన్ని చదివినవారిలో ముఖ్యుడైన క్రెయిగ్ వెంటర్ బడిలో మంచి విద్యార్థి కాడు. పుస్తకాలకంటె సముద్రపు అలలే ఆయనకు ప్రీతి. వియత్నాం యుద్ధకాలంలో నౌకాదళపు వైద్య సహాయకుడిగా గాయపడిన సైనికుల మధ్య గడిపిన రోజులు ఆయనను మార్చాయి. తిరిగివచ్చి చేరింది కాలేజ్ ఆఫ్ శాన్ మటేయోలో. అది కూడా కమ్యూనిటీ కళాశాలే. 1975 నాటికి శాన్ డియేగోలో డాక్టరేటు ముగించాడు. 2000 జూన్ 26న అమెరికా అధ్యక్షుడి నివాసంలో జన్యుపటం సంగతి ప్రకటించినప్పుడు ఆ వేదికమీద ఆయన కూడా ఉన్నాడు. నటుడు టామ్ హాంక్స్ శాబో కళాశాలలో చదివిన రెండేళ్ళను గురించి 2015లో న్యూయార్క్ టైమ్స్ పత్రికలో వ్యాసమే రాశాడు. ప్రవేశపరీక్షలో మార్కులు రాని తనను ఆ కళాశాల ఉచితంగా చేర్చుకొన్నదని అందులో దాపరికం లేకుండా చెప్పుకొన్నాడు.

ఇటువంటి పేర్లు చెప్పుకొంటూపోతే వినసొంపుగానే ఉంటుంది. కాని వీరినిబట్టి మాత్రమే ఆ కళాశాలలను కొలవడం న్యాయం కాదు. వాటినుంచి వచ్చినవారిలో ఎక్కువమంది పేర్లు పత్రికల్లో రావు. అమెరికా ఆసుపత్రులలో రోగి మంచం పక్కన నిలబడే నర్సులను చూడండి. నర్సింగు చదువును రెండేళ్ళ కళాశాలలకు తేవాలని మిల్‌డ్రెడ్ మాంటాగ్ అనే విదుషి ప్రతిపాదించగా, 1952లో కొన్ని కళాశాలల్లో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టారు. నాలుగేళ్ళు చదివినవారు రాసే అర్హతపరీక్షనే ఈ కళాశాలల నర్సులూ రాస్తారు. ప్రశ్నపత్రం వారికి వేరు, వీరికి వేరు కాదు. ఎక్స్‌రే తీసేవారు, పళ్ళు శుభ్రపరిచేవారు, విమానాల ఇంజన్లు బాగుచేసేవారు, లోహాలు అతికేవారు - వీరిలో చాలామందికి ఇదే విద్యాలయం. పగలు పనిచేసుకొని, పిల్లలను బంధువుల ఇంట దించి, సాయంకాలం తరగతిలో కూర్చొనే తల్లులు అక్కడ ఉంటారు. ఇరవయ్యేళ్ళవాడి పక్కన నలభయ్యేళ్ళవాడు కూర్చొని బీజగణితం నేర్చుకోవడం అక్కడ వింత కాదు.

మరొక వైపూ చూడాలి. డిగ్రీ సాధించాలని కమ్యూనిటీ కళాశాలల్లో చేరినవారిలో చాలామంది మధ్యలోనే ఆగిపోతారు. 2015లో చేరినవారిని ఆరేళ్ళపాటు గమనించగా, నాలుగేళ్ళ విశ్వవిద్యాలయానికి మారినవారు ఇంచుమించు మూడోవంతు. అక్కడ పట్టా కూడా పొందినవారు ఆరుగురిలో ఒక్కరే. తెలివి లేక కాదు. ఉద్యోగం వేళలు మారుతాయి, కారు చెడిపోతుంది, ఇంట్లో ఎవరో జబ్బుపడతారు. ఇక్కడ చదివిన పాఠాలను అక్కడి విశ్వవిద్యాలయం లెక్కలోకి తీసుకోకపోతే మళ్ళీ మొదటినుంచి చదవాలి. రుసుము తక్కువే అయినా, చదువుకొనే గంటల్లో పోగొట్టుకొనే కూలి తక్కువ కాదు. పిజ్జా దుకాణంలో డబ్బు కూడబెట్టిన అమ్మాయిలందరూ కమాండర్లు కాలేదు. మెట్టు ఉండటం ఒక సంగతి. దానిమీద కాలు నిలదొక్కుకొనేదాకా చేయి అందించేవారుండటం మరొకటి.

2003 ఫిబ్రవరి 1న కొలంబియా నౌక భూమికి తిరిగివస్తూ ముక్కలయింది. కల్పనా చావ్లాతో సహా ఏడుగురు మరణించారు. ఐలీన్ కాలిన్స్ నాలుగేళ్ళ కిందట నడిపిన నౌక అదే. ఆ దుర్ఘటన తరువాత 2005 జూలైలో మొదటి నౌక బయలుదేరినప్పుడు దానికి సారథ్యం వహించింది కూడా ఆమే. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రాన్ని చేరేముందు ఆమె నౌకను నెమ్మదిగా పిల్లిమొగ్గలా తిప్పింది. నౌక అడుగుభాగంలోని వేడిని ఆపే పలకలు దెబ్బతిన్నాయేమో కేంద్రంలోనివారు ఫొటోలు తీసి చూడటానికే ఆ తిప్పడం. అంతకుముందు ఏ నౌకనూ ఎవరూ అట్లా తిప్పలేదు.

కార్నింగ్ కమ్యూనిటీ కళాశాలలో ఒక వేధశాల ఉంది. దూరదర్శినిలోనుంచి ఆకాశాన్ని చూడటానికి విద్యార్థులే కాదు, ఊరివాళ్ళూ వస్తారు. దానికి పెట్టిన పేరు ఐలీన్ కాలిన్స్ వేధశాల.