నల్లరేగడి కంచం

జూలై 9, 2024. కోవిల్‌పట్టి

మామకు చక్కెర పెరిగింది. ఇంట్లో బియ్యం డబ్బాకు తాళం పడింది. తాళం వేయించింది డాక్టరు కాదు, ఫోనులో వీడియో. మన దగ్గర వీరమాచనేని రామకృష్ణ గారి కొబ్బరినూనె, నిమ్మకాయల పద్ధతి ఇల్లిల్లూ తిరిగినట్టే, ఇక్కడ తమిళంలో ‘పేలియో’ తిరిగింది. బాదంపప్పు ధర విని అత్త కొంగు దులుపుకుంది: “చెనక్కాయలు పండే ఊళ్ళో బాదమెందుకురా?”

సరైన ప్రశ్న. వంద గ్రాముల వేరుసెనగ గింజల్లో మాంసకృత్తులు దాదాపు పాతిక గ్రాములు. బరువులో సగం దాకా నూనె. పిండిపదార్థం పదహారు గ్రాములకు అటూ ఇటూ, అందులో సగం పీచే. బాదం కన్నా తక్కువేం కాదు. కాకపోతే గుప్పెడుతో ఆపాలి, వంద గ్రాములకు 560 కేలరీలు పైమాటే.

జూలై 10

బజారంతా కడలై మిఠాయి వాసన. బెల్లం పాకంలో పల్లీ, పైన గులాబీ, ఆకుపచ్చ రంగుల కొబ్బరి తురుము. 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంతకు ముందేడు శ్రీవిల్లిపుత్తూరు పాల్కోవాకు వచ్చింది. పల్లీ, పాలు రెండూ మామ తినదగ్గవే. పేరు మాత్రం పాకం పట్టాకే వచ్చింది! రోడ్డు పక్క కరుప్పట్టి కాఫీ బోర్డులదీ అదే దారి. తాటిబెల్లమూ చక్కెరే.

జూలై 11. ఇడైసెవల్ దారిలో

కి. రాజనారాయణన్ పుట్టిన ఊరు. తెలుగు నేల నుంచి వలస వచ్చినవాళ్ళ కథను ఆయన ‘గోపల్ల గ్రామం’గా తమిళంలో రాశాడు. ఇంట్లో తెలుగు, రాతలో తమిళం. ఈ కరిసల్ (నల్లరేగడి) పల్లెల్లో ఒకప్పుడు వరి అన్నం పండగ కూడు. తక్కిన రోజులు సజ్జ, జొన్న, ఊదలు.

అందుకే ఆ ఊరి అవ్వ ఒకామె అంది: “మేం సంగటి తిని బతికినాం. మాకేడిదబ్బా చక్కెర జబ్బు?” ఆమె ముందు లెక్క తీయలేదు, ఇక్కడ తీస్తాను. వంద గ్రాముల బియ్యంలో పిండిపదార్థం 78 గ్రాములు, సజ్జల్లో 62. తేడా ఉంది గాని ఆకాశానికీ నేలకూ ఉన్నంత కాదు. అసలు తేడా పీచులో: బియ్యంలో మూడు గ్రాములు కూడా లేదు, సజ్జల్లో పదకొండు. మాంసకృత్తులూ సజ్జలోనే ఎక్కువ. ‘చిరుధాన్యం ఎంతైనా తినొచ్చు’ అనే మాట మాత్రం నేనొప్పుకోను. అవ్వ పొద్దస్తమానం కలుపు తీసింది. మామ పొద్దస్తమానం గల్లాపెట్టె దగ్గర కూర్చుంటాడు.

జూలై 12

మామ తువ్వాలు మడిచినంత సేపు బతిమాలించుకుని డాక్టరు దగ్గరికి వచ్చాడు. మంచిదైంది. ఆయన వాడేది గ్లిమెపిరైడ్. మనం తిన్నామా లేదా అని చూడదు, ఇన్సులిన్ ఊరేలా చేస్తూనే ఉంటుంది. అన్నం ఒక్కసారిగా మానేసి మాత్ర అలాగే మింగితే చక్కెర పడిపోయి చెమటలు, వణుకు. డాక్టరు మాత్ర సగం చేసి, క్రియాటినిన్ పరీక్ష రాసి, అప్పుడు కంచం గురించి అడిగాడు. వరస అదీ.

డపాగ్లిఫ్లోజిన్ రకం మాత్రలు వేసుకునేవాళ్ళు పిండి పూర్తిగా మానేస్తే రక్తంలో కీటోన్లు ప్రాణం మీదికి తేగలవు. వీడియోలో ఆ మాట లేదు.

జూలై 14. సాత్తూరు

బస్సు కిటికీ దగ్గర లేత కీరదోస, ఉప్పూకారం. ఎవరూ ‘డైట్’ అనరు.

జూలై 15. విరుదునగర్

కామరాజర్ పుట్టినరోజు. 1903లో పుట్టిన ఇల్లు ఈ ఊళ్ళోనే. ముఖ్యమంత్రిగా బళ్ళో మధ్యాహ్నం అన్నం పెట్టించినవాడు. ఇవాళే బడి టిఫిన్ పథకాన్ని పల్లెల్లోని ఎయిడెడ్ బళ్ళకూ పెంచారు. ఉప్మా, కిచిడీ, పొంగలి. ఆకలి తీరుతుంది. ఒళ్ళు కట్టేది మధ్యాహ్నం వచ్చే గుడ్డు: ఆరు గ్రాముల మాంసకృత్తులు, పిండి ఒక గ్రాము లోపే.

రాత్రి నూనె పరోటా కొట్టు. మైదా పరోటాను నూనెలో కరకరలాడేలా వేయించి, సాల్నా పోస్తారు. మటన్ చుక్కా ఒక్కటే అడిగాను. “పరోటా?” “వద్దు.” “సార్, ఎన్ని?” అన్నాడు. వద్దన్నది ఆయన చెవికి అంకె కాలేదు. ఒకటి తిన్నాను. విరుదునగర్ వచ్చి తినకపోవడం అతి.

జూలై 16. కోవిల్‌పట్టి

రేషన్ కొట్టు వరసలో అత్తతో. బియ్యం ఉచితం, 2011 నుంచీ. కందిపప్పు కిలో ముప్పై రూపాయలు, పామాయిల్ పాతిక. గుడ్డు బయట కొనాలి, కూర బయట కొనాలి. పిండి తగ్గించమని పేదింటికి చెప్పడమంటే, ఊరికే వచ్చేది మాని డబ్బు పెట్టేది తినమనడం. ఈ మాట దాటేసే ఏ పథ్యం పుస్తకం మీదా నాకు నమ్మకం లేదు.

హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ మొన్న మేలో ఇచ్చిన పట్టిక నయం. రెండు వేల కేలరీల మనిషికి ధాన్యం రోజుకు 250 గ్రాములు, పప్పులు 85, కూరగాయలూ ఆకుకూరలూ 400. ఇడ్లీ పిండిలో బియ్యమూ ఆ 250లోదే. అది మాత్రం అత్త నమ్మదు.

ఒప్పందం కుదిరింది: మధ్యాహ్నం ఒక గరిటె అన్నం, రెండు గుడ్లు, చెనక్కాయ తొగయలు (పచ్చడి), మునగాకు. రాత్రి సంగటి, పిడికెడంత ముద్ద. మూడో గుడ్డు దగ్గర బేరం తెగలేదు.