పలకల ఊళ్లో బోర్డు కొలత

మార్కాపురంలో పలక కొనేటప్పుడు మా నాయన ఎప్పుడూ ఒకటే అడిగేవాడు: "సైజు చెక్క చట్రంతో కలిపా, రాయి మటుకేనా?" తెలుగు పిల్లలు ఓనమాలు దిద్దిన పలకలు చేసిన ఊరు కదా, కొలత దగ్గర మొహమాటం ఉండదు. పలకలు తగ్గిపోయాయి, ఇప్పుడా రాయి గోడలకీ నేలకీ పోతోంది. నాయన ప్రశ్న మాత్రం మొన్న మళ్లీ ఎదురైంది.

ఈ చుట్టుపక్కలే ఓ ఊళ్లో (పేరెందుకు లెండి) మా బావకి టైలరింగ్ షాపుంది. నెత్తిన పదడుగుల పొడవు, మూడడుగుల ఎత్తు రేకు బోర్డు. అక్షరాలు మాత్రం ఏడడుగుల పొడవున, అడుగు ఎత్తున ఉంటాయి. టేపు పట్టుకొచ్చిన కుర్రాడు ముప్పై రాశాడు.

"అక్షరాలు ఏడే కదా తమ్ముడూ, ఖాళీ రేకుకి కూడానా?"

"ఫ్రేమంతా లెక్కేనన్నా."

రోడ్డు మీదికి పొడుచుకొచ్చిన చిన్న బోర్డు ఇంకోటుంది, మూడుకి రెండు. రెండు వైపులా రాయించాడు గనక ఆరు కాదు, పన్నెండట. మొత్తం నలభై రెండు. "ఒక మనిషి ఒకేసారి రెండు వైపులా ఎట్టా చూస్తాడు?" అన్నాడు బావ. నాకూ న్యాయంగానే తోచింది. కానీ ఆ కుర్రాడి వైపూ ఓ మాట ఉంది. అక్షరాలే కొలిస్తే కొమ్ముకీ వట్రుసుడికీ టేపు ఎక్కడ పెట్టాలి?

అమెరికాలో చాలా ఊళ్లు అక్షరాల చుట్టూ పట్టే చిన్న దీర్ఘచతురస్రం గీసి దాన్నే కొలుస్తాయి. అక్కడా తగువులే. అరిజోనాలోని గిల్బర్ట్ ఊళ్లో భావాలు చెప్పే బోర్డుకి 20 చదరపు అడుగులు, చర్చికి దారి చూపే బోర్డుకి 6 మాత్రమే. ఓ పాస్టరు సుప్రీంకోర్టుకెక్కి 2015లో గెలిచాడు. హైదరాబాదులో 2020లో నేలమీద 15 అడుగుల ఎత్తు దాటి ప్రకటన పెట్టకూడదన్నారు.

మనకి జీఎస్టీ కోసం చేసిన 101వ రాజ్యాంగ సవరణ ప్రకటనల పన్ను పద్దునే రాష్ట్రాల జాబితాలోంచి తీసేసింది. అయినా ఫీజు పేరుతో టేపు బతికే ఉంది.

కంభం దాటి గిద్దలూరు వైపు వెళ్తుంటే దారి పొడుగునా పుట్టినరోజు ఫ్లెక్సీలు. ఒకటి ఇరవైకి పది ఉంటుంది, కంటితోనే కొలిచాను. 2022 ఆగస్టులో ప్లాస్టిక్ ఫ్లెక్సీలు బందన్నారు, తర్వాత తేదీ వాయిదా పడింది. ఇవి మాత్రం ఎక్కడికీ పోలేదు. రెండొందల అడుగుల నవ్వుకి టేపు ఎవరు పడతారు?

తిరుగు ప్రయాణంలో బావ షాపు దగ్గర ఆగాను. వెల్డింగ్ వాడు నిచ్చెనెక్కి ఉన్నాడు. ఖాళీ రేకు కోసేశారు. ఎనిమిదికి ఒకటిన్నర, అంటే పన్నెండు. పక్క బోర్డుకి ఒక వైపు తెల్ల రంగు పూస్తున్నారు.

"బస్టాండు వైపా బావా, బజారు వైపా, ఏది తుడిపేశావు?"

"బజారు వైపు. ఆ వైపు వాళ్లకి నేనెట్టాగూ తెలుసు."