ద్వీపయాత్ర

వేసవి సెలవులలో అండమాను దీవులకు పోవలెనను మిత్రులు మమ్ము సలహా యడుగుచుందురు. మే నెల వలదని మా మొదటి మాట. ఆ నెలలో నైరృతి వానలు దిగును; సముద్రము పొంగి పడవలు నిలిచిపోవును. డిసెంబరు మొదలు ఏప్రిలు వరకు మేలు. అచ్చటి గడియారము మన గడియారమే గాని ప్రొద్దు మాత్రము ముందు నడచును. శీతకాలమున సాయంకాలము అయిదు గంటల ప్రాంతముననే క్రుంకును. కావున వేకువనే బయలుదేరవలెను. మడ అడవుల పాయలలో మొసళ్లు గలవు. హెచ్చరిక పలక యున్నచోట నీట దిగరాదు.

ఇవన్నియు దేహరక్షణకు. దీవిని రక్షించుట వేరొక పాఠము. 2018లో స్వరాజ్ ద్వీపమని పేరు మారిన హేవ్‌లాకు దీవి యొడ్డున మేమొక పగడపు తునుక నేరి, బడిపిల్లలకు చూపుదమని జేబులో వేసికొంటిమి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము దానిని కాపాడుచున్నదని యెరిగియే యా పని చేసితిమి. పడవవాడు తెలుగువాడే. "అయ్యా, వచ్చినవాళ్లందరూ తలొకటీ పట్టుకుపోతే మా దీవికి ఏం మిగుల్తుంది?" అనెను. మేము సిగ్గుపడి దానిని నీటిలో విడిచితిమి.

సెలవులు ముగిసిన పిదప రిక్తహస్తములతో బడికి పోయి, మా తప్పుతో గూడ ఆ కథనే పిల్లలకు చెప్పితిమి.