రేకుల నీడ

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. మా నరసరావుపేటలో రోళ్లు ఎప్పుడో మూలపడి మిక్సీలు వచ్చాయి గనక, పగలడానికి మిగిలింది మనుషుల నెత్తులే! ఎండల లెక్కల్లో తరచూ పేపరుకెక్కే రెంటచింతల ఉన్నది మా పల్నాడు జిల్లాలోనే మరి.

అలాంటి ఎండల్లో, చిన్నకూతురికి ఒంట్లో బాగాలేదని గుంటూరు వెళుతూ మా అత్తయ్యగారు తన కోళ్లని నాకు అప్పజెప్పారు. ఐదు పెట్టలు, ఒక పుంజు. మామయ్యగారు పోయాక పల్లె వదిలి మా యింటికి వస్తూ ఆవిడ తెచ్చుకున్న ఆస్తి ఒక ట్రంకుపెట్టె, ఒక గంపెడు కోళ్లు. పొద్దస్తమానం పెరట్లో వేపచెట్టు కింద వాటితోనే కూర్చునేవారు. "మా అత్తయ్యగారికి కోళ్ల పిచ్చి" అని నేను ఇరుగుపొరుగుతో నవ్వేదాన్ని. నాకు మాత్రం వాటిమీద ప్రేమేం లేదు. రెట్టలు కడిగేది నేనే కదా! అయినా "అలాగే అత్తయ్యా" అన్నాను.

చదువుకున్న కోడల్ని కదా, ఆవిడకన్నా జాగ్రత్తగా చూడాలనుకున్నాను. బయట తిరిగితే వడదెబ్బ తగులుతుందని పదింటికల్లా అన్నిటినీ గోడవారనున్న రేకుల గూట్లోకి తోలి తలుపేశాను. నీరసపడతాయేమోనని పన్నెండింటికి కడుపునిండా జొన్నలు పోశాను. నాలుగింటికి తలుపు తీద్దును కదా, నల్లపెట్ట కాళ్లు చాపుకుని పడి ఉంది. మిగతావి నోళ్లు తెరిచి, రెక్కలు ఒంటికి ఎడంగా పెట్టుకుని, ఒకటే ఒగర్చడం.

నాకు ఏడుపొచ్చింది. నిజం చెప్పొద్దూ, కోడి కోసం కాదు, అత్తయ్యగారికి ఏం చెప్పాలా అని!

పక్కవీధిలో ఉండే పశువుల డాక్టరుగారి దగ్గరికి పరిగెత్తాను. "కోడికి చెమట పట్టదమ్మా" అన్నారాయన. మామూలు రోజుల్లోనే దాని ఒంటివేడి సుమారు 41 డిగ్రీలు. నోరు తెరిచి రొప్పడం, నెత్తిమీది ఎర్రటి తురాయిలోంచీ గడ్డం కింద వేలాడే తోలులోంచీ వేడిని బయటికి పంపడం, ఇవే దానికి తెలిసిన ఉపాయాలు. గాలాడని రేకుల గూట్లో పెడితే పొయ్యిలో పెట్టినట్టే. పైగా తిన్న గింజ అరిగేటప్పుడు కూడా ఒంట్లో వేడి పుడుతుందట. అందుకని మేత తెల్లవారుజామునా, పొద్దువాలాకా వెయ్యాలి. మధ్యాహ్నం కావలసింది నీళ్లూ, నీడా.

ఆ రాత్రే మావారూ నేనూ గూడుని వేపచెట్టు కిందికి జరిపాం. పైన తాటాకులు పరిచి తడిపాం. రెండువైపులా చెక్కలు పీకి, గాలాడేలా, పిల్లి దూరకుండా ఇనపవల కొట్టాం. మట్టిమూకుళ్లలో నీళ్లు నీడన పెట్టి రోజుకి మూడునాలుగుసార్లు మార్చేదాన్ని. చెట్టు మొదట్లో నేల తడిపితే, కోళ్లు ఆ మట్టిని గీరి గుంటలు చేసుకుని పొట్ట ఆనించి పడుకునేవి. మరీ సోలిపోయిన ఒక పెట్టని ఎత్తుకుని దాని కాళ్లు చల్లటి కుండనీళ్లలో కాసేపు ఉంచాను. గంటలో లేచి నా చీరకుచ్చెళ్లు పొడిచింది. అంత సంతోషం ఈమధ్య ఎరగను!

పది రోజులకి అత్తయ్యగారు వచ్చారు. నల్లపెట్ట సంగతి చెప్పేశాను. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. "గూట్లో మూశావా? నేను చెప్పి వెళ్లాల్సింది" అన్నారు, అంతే. తర్వాత గూడు చుట్టూ తిరిగి చూసి, "వీటికి మంచిచోటు చూశావే అమ్మాయ్" అని నవ్వి, తన గదిలోకి వెళ్లారు.

మంచినీళ్లు తీసుకుని వెనకే వెళ్లాను. గుమ్మంలోనే ఆగిపోయాను.

ఆవిడది పెరటివైపు దించిన రేకుల గది. పడమటి ఎండ. మూడేళ్ల కిందట "ప్రస్తుతానికి" అని ఇచ్చాం. చెయ్యి ఆనిస్తే గోడ కాలింది. ఫ్యాను ఆ వేడిగాలినే తిప్పి కొడుతోంది. ఆవిడ మంచం మీద కూర్చుని, నోరు కాస్త తెరుచుకుని, విసనకర్రతో విసురుకుంటున్నారు.

మూడు వేసవులు! ఒక్కమాట అనలేదు. ఆవిడ రోజంతా వేపచెట్టు కిందే ఎందుకుండేవారో నాకప్పుడు తెలిసింది.

ఆ సాయంత్రమే ఆవిడ మంచం మధ్యగదిలోకి వచ్చింది. మావారి పాత పుస్తకాలూ, ఖాళీ అట్టపెట్టెలూ రేకుల గదిలోకి వెళ్లాయి. మాటరాని కోడి నోరు తెరిచి చెప్పుకుంటుంది. మాటొచ్చిన మనిషే నోరు మూసుకుని ఊరుకుంటుంది. మీ యింట్లోనూ ఎండ కొట్టే గది ఎవరి వాటాకి వచ్చిందో, ఒకసారి మధ్యాహ్నం రెండింటికి వెళ్లి అయిదు నిమిషాలు కూర్చుని చూడండి.

మా అత్తయ్యగారు కొత్తచోట ఇంకా సణుగుతూనే ఉన్నారు, "ఇక్కణ్ణుంచి నా కోళ్లు కనపడవే" అని. మంచం కిటికీ పక్కకి జరిపాం.